గోదావరిఖని బడిలో రెండు మెమోలు

కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద ఉత్తరంగా సాగే బస్సు సుల్తానాబాద్, పెద్దపల్లి దాటే వరకు కిటికీలోంచి కనిపించేవి వరి పొలాలు, రైసు మిల్లులు. బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారం దగ్గరికి వచ్చేసరికి ఊళ్ల తీరు మారుతుంది. మరి కొంతసేపటికి రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడి నుంచి గోదావరిఖని ఎంతో దూరం లేదు. పెళ్లిళ్లకు, అఖీఖాలకు, జనాజాలకు ఆ దారిన ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. గత జూలైలో ఒక ఆదివారం ఉదయం వెళ్లింది మాత్రం ఒక బడి కోసం.

మా ఆపా కూతురు, అంటే నా మేనకోడలు, వారం ముందు ఫోను చేసింది. "అస్సలాము అలైకుమ్ మామూ, ఆదివారం మా పదో తరగతి బ్యాచ్ వాళ్లందరం బడిల కలుస్తున్నం. ఈ యేడు మంచి మార్కులొచ్చిన పిల్లలకు అక్కడ్నే సన్మానం. మీరు తప్పకుండ రావాలె" అన్నది. ఆమె 2003లో పదో తరగతి పాసైంది. ఆమె పెద్ద కూతురు ఈ సంవత్సరం అదే బడి నుంచి, అదే పదో తరగతి పాసైంది. వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను కాని, ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. కారణం తరువాత చెబుతాను.

ముందు ఆ ఊరి సంగతి కొంత చెప్పాలి. అది తెలియకపోతే అక్కడి బడి సంగతి అర్థం కాదు. సింగరేణి అనేది ఖమ్మం జిల్లాలోని ఒక పల్లె పేరు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన ఒక కంపెనీ గనుల హక్కు పొందింది, 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో అధిక వాటాలు కొనడంతో అది సర్కారు సంస్థ అయింది. నేడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. ఇల్లందులో మొదలైన తవ్వకం గోదావరి లోయ వెంట కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి మీదుగా విస్తరించి, 1960ల తొలి సంవత్సరాలలో రామగుండం పక్కన నది ఒడ్డుకు చేరింది. గోదావరి పక్కన ఖని గనుక ఊరికి గోదావరిఖని అనే పేరు వచ్చింది. అక్కడి జనం మాత్రం గని అనరు, బాయి అంటారు. "మా అబ్బా బాయి మీద పని చేస్తడు" అనడం ఆ వీధుల్లో పిల్లలు నేర్చుకునే తొలి మాటలలో ఒకటి.

మా దూలాభాయ్ 1978లో అక్కడికి చేరారు. జగిత్యాల వైపు పల్లెలో మగ్గం పని తప్ప మరొకటి తెలియని మనిషి. బాయిలో కోల్ ఫిల్లర్‌గా చేరి తట్టా చెమ్మాసు పట్టారు. పేలుడు జరిగాక రాలిన బొగ్గును చెమ్మాసుతో తట్టలోకి ఎత్తి, తట్టతో టబ్బు నింపడం ఆ పని. ఉదయం ఏడు గంటలకు మొదటి షిఫ్టు, మూడు గంటలకు రెండో షిఫ్టు, రాత్రి పదకొండుకు మూడోది. ఆయన ఇంటి నమాజు వేళలు, భోజనం వేళలు, పిల్లలు గట్టిగా మాట్లాడవలసిన వేళలు, మాట్లాడకూడని వేళలు కూడా షిఫ్టును బట్టే ఉండేవి. అయినా నెల జీతం ఉంది, కంపెనీ క్వార్టరు ఉంది, కంపెనీ దవాఖానా ఉంది. పల్లెలో మిగిలిన అన్నదమ్ములకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఆ మూడింటితో పాటు ఒక ఆశ కూడా ఉండేది. తండ్రి ఉద్యోగం కొడుక్కు వస్తుందనే ఆశ. వారసత్వ ఉద్యోగాల పద్ధతి కొన్నేళ్లు సాగింది, తరువాత ఆగింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అది మళ్లీ మాటల్లోకి వచ్చేది. 2017లో ఆ పథకాన్ని హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత జబ్బు వల్ల పనికి అర్హత కోల్పోయిన కార్మికుల పిల్లలకు కారుణ్య నియామకాలు ఇవ్వడం మొదలైంది. ఇప్పుడు ఆ కాలనీల చాయ్ హోటళ్లలో 'అన్‌ఫిట్' అనే మాట వినిపించని పూట ఉండదు. ఒక మనిషి తన శరీరం పనికిరాదని కాగితం రాయించుకుంటే తప్ప కొడుక్కు దారి దొరకదని భావించే పరిస్థితి గురించి బయటివాళ్లం తేలికగా తీర్పు చెప్పలేము. ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

మా ఆపా కొడుకు, మేనకోడలికి అన్న, ఈ ఆశకే బలయ్యాడు. పదో తరగతిలో ఒకసారి తప్పాడు. మళ్లీ కట్టమని ఎవరూ గట్టిగా చెప్పలేదు. "వాడికేంది, అబ్బా నౌకరీ ఉన్నది కదా" అనే మాట ఇంట్లో అందరూ అన్నారు, నేను కూడా అన్నాను. పద్దెనిమిదేళ్ల నుంచి ముప్పై రెండేళ్ల దాకా వాడు ఎదురుచూశాడు. కోర్టు తీర్పు వచ్చింది. కొత్త పద్ధతి మొదలయ్యేసరికి దూలాభాయ్ పదవీ విరమణ చేసే సంవత్సరం వచ్చింది. ఇప్పుడు వాడు గోదావరిఖని చౌరస్తా నుంచి యైటింక్లయిన్ కాలనీకి ఆటో నడుపుతాడు. ఆ రోజు బస్టాండు దగ్గర నన్ను ఎక్కించుకొని బడికి తీసుకువెళ్లింది వాడే. గేటు దగ్గర ఆపి, "మీరు లోపలికి పోండి మామూ, నేను ఇంకో ట్రిప్పు కొట్టి వస్త" అన్నాడు. ఎంతసేపటికీ రాలేదు.

బడి గురించి చెప్పాలంటే, అది ఒక కాలనీ చివర ఉన్న సాధారణ ప్రభుత్వ ఉన్నత పాఠశాల. సింగరేణి సంస్థకు తన సొసైటీ ఆధ్వర్యంలో వేరే బడులున్నాయి. కొత్తగూడెంలో మహిళా కళాశాల, నస్పూర్‌లో పాలిటెక్నిక్ కూడా ఉన్నాయి. ఈ బడి వాటిలోది కాదు. ఒకప్పుడు ఇక్కడ కార్మికుల పిల్లలే నిండుగా ఉండేవారట. 1990ల ప్రారంభంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. నేడు పర్మినెంటు కార్మికుల సంఖ్య నలభై వేల చుట్టుపక్కలకు వచ్చింది. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడుతుండగా ఓపెన్‌కాస్టులు పెరిగాయి. ఓపెన్‌కాస్టులో యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. క్వార్టర్లు ఖాళీ అయిన కొద్దీ బడిలో బల్లలు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు చదివేవారిలో ఎక్కువమంది కాంట్రాక్టు కూలీల, దర్జీల, తోపుడు బండ్ల వారి పిల్లలు. గురువుల మాటల్లో ఆ దిగులు వినిపించింది.

అయినా ఆ రోజు వారు చెప్పుకున్న వార్తలు చిన్నవి కావు. ఎనిమిదో తరగతి పిల్లలు ముగ్గురు జాతీయ ఉపకార వేతన పరీక్షలో ఎంపికయ్యారు. ఎన్‌ఎంఎంఎస్ అని పిలిచే ఈ పరీక్ష సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు కనుక రెండు మాటలు రాస్తాను. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు దీన్ని రాయవచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ పూర్తయ్యే వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. పర్మినెంటు కార్మికుడి జీతం ఆ హద్దు దాటుతుంది కాబట్టి ఇక్కడ ఇది కాంట్రాక్టు కూలీల పిల్లలకే ఎక్కువగా అందుతుంది. ఎంపికైన ముగ్గురిలో ఒక పిల్లవాడి తల్లి అదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. కొడుకు పేరు పిలిచినప్పుడు ఆమె వంటగది తలుపు దగ్గర నిలబడి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ చూసింది. వేదిక మీదికి రమ్మంటే రాలేదు.

మరొక అమ్మాయి ఇన్‌స్పైర్ పథకం కింద 10,000 రూపాయలు పొంది ఒక నమూనా చేసింది. బొగ్గు లారీలు తిరిగే దారిలో దుమ్ము పెరిగినప్పుడు దానంతటదే నీళ్లు చల్లే గొట్టం. చూపించేటప్పుడు మోటారు పని చేయలేదు. ఆ అమ్మాయి ఏమాత్రం కంగారు పడకుండా వైరు విప్పి, పళ్లతో కొరికి, మళ్లీ చుట్టింది. నీళ్లు ముందు వరుసలో కూర్చున్న మా అందరి మీద పడ్డాయి. ఆ సమయంలోనే దూరంగా ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు చప్పుడైంది. బల్ల మీది గ్లాసు కదిలింది, నేను ఉలిక్కిపడ్డాను. పిల్లలలో ఒక్కరూ తల తిప్పలేదు.

2003 బ్యాచ్ వారు సుమారు ముప్పై మంది వచ్చారు. ఒకరు బ్యాంకులో, ఒకరు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగంలో, ఇద్దరు బాయి మీద, ఒకరు సౌదీ నుంచి సెలవు మీద. చందాలు వేసుకొని బడికి నీళ్ల ఫిల్టరు ఇచ్చారు. ఆడవారు ఎనిమిది మంది వచ్చారు. ఆ ఎనిమిది మందిలో పదో తరగతి తరువాత చదివినవారు ఎందరని నేను అడగలేదు. వారే పరిచయాలు చెప్పుకున్నప్పుడు ముగ్గురని తెలిసింది.

అప్పుడు ఒక పెద్దాయన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చారు. పదవీ విరమణ చేసిన లెక్కల సారు. "మౌల్వీ సాబ్, నన్ను గుర్తుపట్టిన్రా? మీ ఆపా ఇంట్ల చాయ్ తాగిన నేను. రెండుసార్లు" అన్నారు. చూడగానే గుర్తుపట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆయనే.

2003 మే నెలలో పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు నా మేనకోడలికి 600కు 471 మార్కులు వచ్చాయి. లెక్కల్లో తరగతి మొత్తానికి ఆమెదే మొదటి స్థానం. జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు మరణించారు. దూలాభాయ్ ఆ బాయి వారు కాదు. కాని ఆ రోజు కాలనీలో పొయ్యి వెలిగిన ఇల్లు లేదు. నేను మదర్సాకు సెలవు పెట్టి వెళ్లాను. ఆపా ఏడుస్తూ, "రేపు ఈయనకేమన్నా అయితే ఈ పిల్ల గతేంది?" అన్నది. నాకప్పుడు ముప్పై అయిదేళ్లు. ఇంట్లో నా మాటకు విలువ ఉండేది. చదువు చాలు, మంచి సంబంధం చూసి నికాహ్ చేయండి అన్నాను. అది భయంలో చెప్పిన సలహా. దాన్ని ధర్మం చెప్పిన సలహాగా చెప్పాను. ఆ తేడా అక్కడున్నవారెవరికీ తెలియదు. నాకు తెలిసి ఉండవలసింది.

ఆ వారంలోనే లెక్కల సారు ఇంటికి వచ్చారు. అమ్మాయిని ఇంటర్‌లో చేర్చండి, ఫీజు సంగతి నేను చూస్తాను అన్నారు. మర్యాదగా చాయ్ ఇచ్చి పంపించాను. పది రోజుల తరువాత కాలేజీ దరఖాస్తు ఫారం చేతిలో పట్టుకొని మళ్లీ వచ్చారు. మళ్లీ చాయ్ ఇచ్చాను. మేనకోడలు తెర వెనక నిలబడి ఉందని నాకు తెలుసు. మరుసటి సంవత్సరం ఆమె పెళ్లి అయింది. అల్లుడు మంచివాడు, ఓపెన్‌కాస్టులో డంపరు నడుపుతాడు. సంసారంలో లోటు లేదు. ఆమె ఇన్నేళ్లలో ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు.

ఇవన్నీ ఆ సారుకు ఎలా చెప్పాలో తెలియక, "సారూ, ఆనాడు మీ మాట వినవలసింది" అని మాత్రం అన్నాను. ఆయన నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని, "ఆ ఫారం నింపకుండ వాపస్ తీస్కపోయిన. మా చెల్లె బిడ్డకు ఇచ్చిన. ఫారం దండుగ కాలేదు తియ్" అని నవ్వారు. మాట తేలిక చేయడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

సభలో నన్ను కూడా రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. బద్ర్ యుద్ధం తరువాతి సంగతి చెప్పాను. పరిహారం చెల్లించలేని ఖైదీలలో చదువు వచ్చినవారికి దైవప్రవక్త (స) ఒక వెసులుబాటు ఇచ్చారు. ఒక్కొక్కరు మదీనాలో పదిమంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే విడుదల. ఆ బోధకులు ముస్లిములు కారు, నిన్నటి దాకా కత్తి పట్టి ఎదురు నిలిచినవారు. అయినా పిల్లలను వారి ముందు కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లుగా ఈ సంఘటనను మదర్సాలో పాఠంగా చెబుతున్నాను. పాఠం చెబుతూనే, బడి పంతులు ఇంటికి వస్తే చాయ్ ఇచ్చి వెనక్కి పంపించాను. ఈ చివరి మాట సభలో చెప్పలేదు. లెక్కల సారు ఎదురుగా కూర్చొని ఉన్నారు, ఆయనకు చెప్పనవసరం లేదు.

జొహర్ నమాజు తరువాత మేనకోడలి ఇంటికి వెళ్లాం. భోజనాలయ్యాక ఆమె ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి, అందులోంచి రెండు కాగితాలు తీసి చాప మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి పసుపు బారి, మడత దగ్గర చిరిగిన తన 2003 మెమో. రెండోది కూతురి 2025 మెమో. మధ్యలో కొన్నేళ్లు పదో తరగతికి మార్కులకు బదులు గ్రేడులు ఇచ్చారు. 2012లో మొదలైన ఆ పద్ధతి పోయి ఈ సంవత్సరమే మళ్లీ మార్కులు వచ్చాయి. అందువల్ల రెండు మెమోలూ 600కే ఉన్నాయి. తల్లికి 471, కూతురికి 548. "లెక్కలల్ల మాత్రం అమ్మీకే ఎక్కువ నానా, రెండు మార్కులు" అన్నది పిల్ల. ఇరవై రెండేళ్లుగా ఆ మెమో ఎవరికి చూపడానికి దాచుకున్నదో నేను అడగలేదు.

పిల్లకు బాసర ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చింది. 2008లో ప్రారంభమైన ఆ విశ్వవిద్యాలయంలో పదో తరగతి మార్కుల ఆధారంగా చేర్చుకుంటారు. రెండేళ్లు ఇంటర్ స్థాయి, నాలుగేళ్లు ఇంజనీరింగు, మొత్తం ఆరేళ్లు అక్కడే ఉండి చదవాలి. ప్రభుత్వ బడుల పిల్లలకు అందులో కొంత ప్రాధాన్యం ఉంది. ఆరేళ్లు హాస్టలు అనేసరికి మా ఆపాకు గుండె జారిపోయింది. ఆడపిల్ల, పరాయి ఊరు, తిండి ఎలా ఉంటుంది, నమాజు ఎక్కడ చేస్తుంది, పరదా ఎలా సాగుతుంది, పండుగకు పంపుతారా. రామగుండంలోనే 2022లో సింగరేణి పేరిట మెడికల్ కాలేజీ వచ్చింది కదా, ఇక్కడే ఇంటర్ చదివి డాక్టరు కావచ్చు కదా అని అల్లుడి వాదన. ఆపా భయాలు ఊరికే కొట్టివేయదగినవి కావు. వాటికి ఒక్కొక్కదానికి జవాబు వెతకాలి. అల్లుడు అదే చేశాడు. మొదట వద్దన్నవాడే తరువాత సెలవు పెట్టి బాసర వెళ్లి, హాస్టలు చూసి, సీనియరు అమ్మాయిలను పిలిపించి మాట్లాడి వచ్చాడు. కాగితం మీద దూరాలు, బస్సుల వేళలు రాసుకొచ్చాడు. నిజామాబాద్ మీదుగా వెళ్లాలట.

నేను గొంతు సవరించుకొని ఏదో చెప్పబోయాను. మేనకోడలు నా వైపు చూసి, మెల్లగా, మర్యాద తప్పకుండా అన్నది: "మామూ, ఈసారి మిమ్మల్ని అడగనీకి పిలవలేదు. చెప్పనీకి పిలిచిన. బుధవారం పోతున్నం."

ఆ మాట విని ఆపా కంగారుపడింది. పెద్దవాళ్లతో అట్లా మాట్లాడతారా అన్నది. మాట్లాడనీ ఆపా అన్నాను. పిల్ల అప్పటికే లేచి లోపలి గదిలో సామాన్ల పని మొదలుపెట్టింది.

సాయంత్రం మేనల్లుడు ఆటో తీసుకొని వచ్చాడు. నన్ను బస్టాండులో దింపుతూ, "బుధవారం పొద్దున వాళ్ల పెట్టె నా ఆటోలనే బస్టాండుకు తెస్త. కిరాయి తీసుకోను" అన్నాడు. వాడి కొడుకు ఇప్పుడు ఏడో తరగతి. వచ్చే ఏడు రాయబోయే ఉపకార వేతన పరీక్ష పుస్తకం ఒకటి ఆటో ముందు సీటు కింద కనిపించింది. మధ్యాహ్నమంతా ఎక్కడికి పోయాడో అప్పుడు తెలిసింది.

బస్సు కదిలేముందు పిల్ల కిటికీ దగ్గరికి వచ్చి ఒక చీటీ ఇచ్చింది. హాస్టలుకు కావలసిన సామాన్ల పట్టిక. బకెట్, మగ్గు, తాళం, దుప్పటి, స్టీలు కంచం, కొలతల పెట్టె. చాలావాటికి టిక్కులు పెట్టి ఉన్నాయి. చివరి వరుసలో 'జానమాజ్' అని రాసి, పక్కన 'నానా తెస్తారు' అని ఉంది. కరీంనగర్‌లో దిగేసరికి రాత్రి తొమ్మిదైంది. దుకాణాలు మూస్తున్నారు. మసీదు దగ్గర ఒక్కటి తెరిచి ఉంది. సంచిలో మడత పెట్టడానికి వీలుగా ఉండే పలచటిది ఆకుపచ్చది తీసుకొని, మంగళవారం రాత్రికే గోదావరిఖని చేర్చే మనిషి కోసం వెతికాను. చివరికి నేనే వెళ్లాను.